మన డెస్క్‌టాప్, మన డీఫాల్ట్: ఒక పాత లాప్‌టాప్ నేర్పిన పాఠం

ముందుగా ఒక చిన్న పని. ఇది చదవడం ఒక్క నిమిషం ఆపి, మీ లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద ఎన్ని ఐకాన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. బ్రౌజర్‌లో ఎన్ని ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయో కూడా చూడండి.

2025 వేసవిలో, రెండోసారి ప్రిలిమ్స్ పోయాక, నేను ఈ లెక్క వేసుకున్నాను. 143 ఐకాన్లు, 38 ట్యాబ్‌లు. ఐకాన్లలో "పాలిటీ ఫైనల్", "పాలిటీ ఫైనల్ కొత్తది", "పాలిటీ లాస్ట్ ఫైనల్" అని మూడు ఫైళ్లున్నాయి. వాటిలో నిజంగా ఆఖరిది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ట్యాబ్‌లలో కొన్ని మార్చి నెల నుంచి అలాగే ఉన్నాయి. "తర్వాత చదువుదాం" అని ఉంచినవి. పరీక్ష అయిపోయింది, ఆ "తర్వాత" మాత్రం రాలేదు.

చదువుకోవడానికి వీలుగా డెస్క్‌టాప్‌ను ఎలా సర్దుకోవాలో ఈ పోస్టులో రాస్తున్నాను. దాన్ని నేను మొదట ఎంత తప్పుగా చేశానో కూడా రాస్తున్నాను. సెటింగ్‌లు మాత్రమే కావాలనుకునేవారు నేరుగా మూడో భాగానికి వెళ్లొచ్చు. కానీ రెండో భాగం చదివి వెళ్లమని నా మనవి. అందులో నా తప్పుకు నా కంటే ఎక్కువ మూల్యం చెల్లించిన మనిషి ఉంది.

1. తెర గురించి ఎందుకు పట్టించుకోవాలి?

మన రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున ఈ-పేపర్, పీఐబీ. తర్వాత ఆన్‌లైన్ క్లాసు. మధ్యాహ్నం పీడీఎఫ్‌లు. రాత్రి టెస్ట్ సిరీస్. చదువుకునే బల్ల మీద పనికిరాని పుస్తకాలుంటే తీసి అటక మీద పెట్టేస్తాం. రోజుకు ఆరేడు గంటలు చూసే తెరను మాత్రం కొన్నరోజు ఎలా ఉందో అలాగే వాడతాం. ఇంకా చెప్పాలంటే అప్పటికంటే చెత్తగా తయారుచేసుకుని వాడతాం.

1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్, అంతకు ఏడేళ్ల ముందే ఒక మాట చెప్పారు. సమాచారం ఖర్చుపెట్టేది మన శ్రద్ధను. అందుకే సమాచారం ఎక్కువయ్యేకొద్దీ శ్రద్ధ కరువవుతుందని ఆయన వాదన. ఇంటర్నెట్ మన ఇళ్లకు రావడానికి చాలా ముందు, 1971లో చెప్పిన మాట ఇది. ఎస్సే పేపర్‌కు నోట్ చేసుకోండి.

రెండో పేరు సోఫీ లెరాయ్. 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆమె గమనించింది ఇది: ఒక పనిని మధ్యలో వదిలి ఇంకో పనికి మారినప్పుడు, మన దృష్టి మొత్తం కొత్త పనికి వచ్చేయదు. కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది. సీశాట్ ప్యాసేజీ చదువుతుంటే తెర మూలన ఒక నోటిఫికేషన్ వస్తుంది. దాన్ని మీరు తెరవరు కూడా. అయినా ఆ పేరా మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. మనందరికీ అనుభవమే కదా?

అసలు ఈ "డెస్క్‌టాప్" అన్న ఊహ ఎక్కడిది? 1981లో జిరాక్స్ సంస్థ "స్టార్" అనే కంప్యూటర్‌ను అమ్మకానికి తెచ్చింది. ఆఫీసు బల్ల, దాని మీద కాగితాలు, ఫోల్డర్లు, ఇన్‌ట్రే, ఇవన్నీ తెర మీద బొమ్మలుగా కనిపించాయి. 1984లో యాపిల్ మాకింటోష్ ఆ పద్ధతిని జనంలోకి తెచ్చింది. 1995లో విండోస్ 95 మనకు స్టార్ట్ బటన్‌ను, టాస్క్‌బార్‌ను ఇచ్చింది. స్టార్ రూపకర్తల మనసులో ఉన్నది ఆఫీసు ఉద్యోగి. లక్ష్మీకాంత్ పుస్తకం పక్కన పెట్టుకుని ఐచ్ఛికాంశం నోట్సు రాసుకునే మనం వాళ్ల ఊహలో లేం. అందుకే కొంత మార్చుకోవడం మన పనే.

అయితే ఎంతవరకు? ఆ హద్దు దగ్గరే నేను బోల్తా పడ్డాను.

2. ఇరవై ఆరు రోజులు, రెండు టెస్టులు

నా లాప్‌టాప్ ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇంటెల్ ఐదో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10 ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చేసరికి కూడా పూర్తిగా లేచేది కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది గడుస్తుంది. విండోస్ 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైన ప్రాసెసర్ కావాలి, టీపీఎం 2.0 చిప్ కావాలి. నా దానికి రెండూ లేవు. కొత్తది కొనే స్తోమత ఇంట్లో లేదు. నాన్న ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా.

అందుకని లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకున్నాను. మింట్ అనేది ఉబుంటు ఆధారంగా తయారైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఎక్స్‌ఎఫ్‌సీఈ అన్నది దాని పైన మనకు కనిపించే తెర, అంటే మెనూలు, ప్యానెల్, కిటికీలు. 1996లో మొదలైన ప్రాజెక్టు, పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. అలా చూశాను, నచ్చింది. ఫైళ్లన్నీ "బ్యాకప్" అనే ఫోల్డర్‌లోకి తీసి, సగం రోజులో ఇన్‌స్టాల్ చేశాను. లాప్‌టాప్‌కు ప్రాణం లేచొచ్చింది.

అక్కడ ఆపి పుస్తకం తీసి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

ఆపలేదు. మొదట థీమ్ మార్చాను. తర్వాత ఐకాన్ల సెట్టు. తర్వాత "కాంకీ" అనే ప్రోగ్రామ్ పెట్టి, ప్రిలిమ్స్‌కు ఇంకా ఎన్ని రోజులుందో తెర మీద పెద్ద అంకెల్లో వచ్చేలా చేశాను. ఆ అంకెలకు సరైన ఫాంట్ దొరకడానికే ఒక రోజు పట్టింది. లెక్క తగ్గుతోంది, నేను ఫాంట్ వెతుకుతున్నాను. తర్వాత వీడియోలు చూసి "ఐ3" అనే విండో మేనేజర్‌లోకి దూకాను. అందులో స్టార్ట్ మెనూ ఉండదు. ఐకాన్లు ఉండవు. కిటికీ మూయడానికి ఇంటూ గుర్తు కూడా ఉండదు. అన్నీ కీబోర్డు షార్ట్‌కట్‌లే. తెరిచిన ప్రతి కిటికీ దానంతట అదే తెరను పంచుకుని సర్దుకుంటుంది. దాని సెటింగ్‌ల ఫైలు 400 లైన్లు రాశాను. చూసినవాళ్లకు హ్యాకర్ సినిమాలా ఉండేది. నాకు భలే గర్వంగా ఉండేది.

ఆ 26 రోజుల్లో నా టెస్ట్ సిరీస్‌లో 11 టెస్టులు వచ్చాయి. నేను రాసినవి రెండు.

ఎందుకిలా జరిగిందో చాలా రోజుల తర్వాతే ఒప్పుకోగలిగాను. రెండుసార్లూ కటాఫ్‌కు కొద్ది మార్కుల దూరంలో పోయింది. పాలిటీ నోట్సు తెరిస్తే కడుపులో తిప్పేది. సెటింగ్‌ల ఫైలు అలా కాదు. ఒక లైను మార్చి సేవ్ చేస్తే వెంటనే తెర మారుతుంది. తప్పయితే వెంటనే చెబుతుంది, ఒప్పయితే వెంటనే చూపిస్తుంది. మన ప్రిపరేషన్‌లో ఇవాళ చేసిన పనికి ఫలితం ఏడాది తర్వాత ఒక పీడీఎఫ్‌లో మన నంబరు ఉందా లేదా అన్న రూపంలో వస్తుంది. ఆ ఏడాది నిరీక్షణ నుంచి పారిపోయి ఈ రెండు సెకన్ల ఫలితం దగ్గర దాక్కున్నాను. పైకి మాత్రం "సిస్టమ్ సెట్ చేసుకుంటున్నా, తర్వాత దూసుకుపోతా" అనేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చదవలేక లాప్‌టాప్‌ను తప్పుపట్టాను.

ఇంతవరకూ నష్టం నాది. ఇక చెల్లి సంగతి.

ఆ లాప్‌టాప్ ఇంట్లో ఇద్దరిదీ. చెల్లి బీఎస్సీ ఫైనలియర్. ఒక స్కాలర్‌షిప్ ఆమెకు రెండేళ్లుగా వస్తోంది, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. ఆ రోజు సాయంత్రం 5 గంటలకు గడువు. ఆదాయ ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్కు, వీటి స్కాన్లన్నీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఒరిజినల్ మెమోలు కాలేజీ దగ్గర. ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగిందని అడగకండి. అంతకు ముందు రెండు రోజులూ లాప్‌టాప్ నా దగ్గరే ఉంది. "ఒక్క పని మిగిలింది, రేపిస్తా" అన్నది నేనే.

మధ్యాహ్నం 2 గంటలకు ఆమె లాప్‌టాప్ తెరిచింది. నల్లటి తెర. కింద ఒక గీతలో కొన్ని అంకెలు. మెనూ లేదు, ఫోల్డర్ లేదు. మౌస్‌తో ఎక్కడ నొక్కినా ఏమీ రాలేదు. మూడుసార్లు ఆపి ఆన్ చేసింది. నాకు 17 సార్లు ఫోన్ చేసింది. నేను జిల్లా గ్రంథాలయంలో ఉన్నాను. ఫోన్ సంచిలో, ఫోకస్ మోడ్‌లో. దాన్ని కూడా ఆ వారమే కొత్తగా సెట్ చేసుకున్నాను. చివరికి చెల్లి లాప్‌టాప్‌నే సంచిలో పెట్టుకుని నెట్ సెంటర్‌కు పరుగెత్తింది. అక్కడి కుర్రాడు కూడా చూసి "ఇది పాడైందేమో అక్కా" అన్నాడట.

నేను ఫోన్ చూసింది 5 గంటల 40 నిమిషాలకు.

ఇంటికి వెళ్లి, సిగ్గు లేకుండా నేను అన్న మొదటి మాట: "విండోస్ కీ పట్టుకుని డి నొక్కితే ప్రోగ్రామ్‌లన్నీ వచ్చేవి కదా."

"ఆ సంగతి ఎక్కడ రాసి ఉంది అన్నయ్యా?" అని అడిగింది.

ఎక్కడా రాసి లేదు. నా తలలో తప్ప.

దానికి లేట్ ఫీజు లాంటి వెసులుబాటు లేదు. మెయిల్ పెట్టాం, ఫోన్ చేశాం. గడువు ముగిసిందన్నారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ ఏడాది రావలసిన 20,000 రూపాయలు రాలేదు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చే నెల చీటీ పాడి కాలేజీ ఫీజు కట్టారు. ఆ చీటీ మా ఇంటి పైకప్పు రిపేరుకని ఉంచింది.

3. ఇప్పుడు నా డెస్క్‌టాప్ ఎలా ఉంది?

ఆ రాత్రే ఐ3 తీసేశాను. ఇప్పుడున్న ఏర్పాటుకు మొత్తం పట్టిన సమయం సుమారు రెండు గంటలు. విండోస్ వాడేవాళ్లకు కూడా పనికొచ్చేలా రాస్తున్నాను.

ఒకటి: ఎవరి ఖాతా వారిది. ఇదే మొదటి పని. విండోస్‌లోనైనా లినక్స్‌లోనైనా ఒకే యంత్రంలో వేర్వేరు యూజర్ ఖాతాలు పెట్టుకోవచ్చు. ఒకరి వాల్‌పేపర్, మెనూ, షార్ట్‌కట్‌లు ఇంకొకరి ఖాతాలోకి రావు. ఈ సంగతి నాకు బీటెక్ నుంచీ తెలుసు. అయిదు నిమిషాల పని. "ఇంట్లో వాళ్లకి ఇవన్నీ ఎందుకులే" అనుకుని చేయలేదు. చెల్లి ఖాతాలో నేను ఏదీ మార్చలేదు, మామూలు మెనూ, మామూలు ఐకాన్లు. ఆమెకు కావలసినట్టు ఆమే మార్చుకుంది. ఇద్దరికీ కావలసిన స్కాన్లు ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంటాయి.

రెండు: పనికో గది. 1986లో జిరాక్స్ పరిశోధకులు ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ "రూమ్స్" అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఒకే తెర మీద అన్నీ కుక్కకుండా, ఇంట్లో వంటగది, పడకగది వేరుగా ఉన్నట్టు, పనికొక తెర. ఇప్పుడు మనం వర్క్‌స్పేస్, వర్చువల్ డెస్క్‌టాప్ అంటున్నది ఆ కోవలోదే. విండోస్ 10, 11లో విండోస్ కీ, కంట్రోల్, డి కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వస్తుంది. విండోస్ కీ, కంట్రోల్‌తో పాటు ఎడమ, కుడి బాణాలు నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారొచ్చు. మింట్‌లో కంట్రోల్, ఆల్ట్‌తో బాణాలు. నాకు మూడు గదులున్నాయి: చదువు, రాత, టెస్టు. మెసేజీలకు గది లేదు. అవి ఫోన్‌లోనే, భోజనాల తర్వాత.

మూడు: తెర రెండు భాగాలు. చదువు గదిలో ఎడమ సగం పీడీఎఫ్, కుడి సగం నోట్సు. విండోస్‌లో విండోస్ కీతో ఎడమ బాణం నొక్కితే కిటికీ ఎడమ సగంలోకి, కుడి బాణం నొక్కితే కుడి సగంలోకి వెళ్తుంది. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజర్ సెటింగ్‌లలోకి వెళ్లి నచ్చిన కీలు పెట్టుకోవచ్చు. మూడో కిటికీకి చోటు లేకపోవడమే దీని గొప్ప.

నాలుగు: టెస్టు గదిలో గడియారం లేదు. అసలు పరీక్షలో జీఎస్ మొదటి పేపరు 2 గంటలు, 100 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు కోత. హాల్లో మన ముందు టైమర్ తిరుగుతూ ఉండదు. అందుకని ప్యానెల్‌ను దానంతటదే దాక్కునేలా పెట్టి, టెస్టును తెర నిండా తెరిచి, చేతికి మామూలు వాచీ పెట్టుకుని రాస్తున్నాను. ప్రతి 25 ప్రశ్నలకు ఒకసారి వాచీ చూడటం అలవాటైంది.

అయిదు: నోటిఫికేషన్లు. విండోస్ 11లో "డూ నాట్ డిస్టర్బ్", విండోస్ 10లో "ఫోకస్ అసిస్ట్", మింట్‌లోనూ అలాంటిదే ఉంది. విండోస్ 11 టాస్క్‌బార్‌లో విడ్జెట్లను కూడా తీసేయండి. వార్తలు మనం వెతుక్కుని చదవాలి, అవి మనల్ని వెతుక్కుంటూ రాకూడదు. కానీ ఫోన్‌లో ఫోకస్ మోడ్ పెట్టేటప్పుడు ఇంట్లోవాళ్ల నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. దయచేసి ఇది ఇప్పుడే చేయండి.

ఆరు: ఖాళీ డెస్క్‌టాప్, సిలబస్ ప్రకారం ఫోల్డర్లు. జీఎస్ 1, 2, 3, 4, ఎస్సే, ఐచ్ఛికాంశం, కరెంట్ అఫైర్స్, అంతే. లోపలి ఫోల్డర్ల పేర్లు యూపీఎస్సీ సిలబస్‌లో ఉన్న పదాలే. ఫైలు పేరు మొదట తేదీ: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అలా రాస్తే పేర్ల వరసే కాలక్రమం అవుతుంది. "లాస్ట్ ఫైనల్" అన్న మాట నా కంప్యూటర్‌లో నిషేధం.

ఏడు: తెలుగు టైపింగ్. తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా తీసుకున్నవాళ్లకు, గ్రూప్స్‌కు తెలుగులో రాసేవాళ్లకు ఇది ముఖ్యం. ఇన్‌స్క్రిప్ట్ అనేది భారతీయ భాషలకు ప్రామాణిక కీబోర్డు. అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు. ఒక భాషలో నేర్చుకుంటే మిగతా భారతీయ భాషలకూ దాదాపు అవే స్థానాలు. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. విండోస్ కీ, స్పేస్ నొక్కితే భాష మారుతుంది. వెబ్‌సైట్‌లో కొట్టి, కాపీ చేసి, పేస్ట్ చేసే బాధ తప్పుతుంది.

ఎనిమిది: నకలు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే సాధనం సిస్టమ్‌ను పాత స్థితికి తీసుకెళ్తుంది. కానీ మామూలుగా అది మన సొంత ఫైళ్లను దాచదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. నోట్సును ఆదివారం ఆదివారం విడిగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

తొమ్మిది: మార్పులకు గడువు. అన్నిటికంటే ఇదే నన్ను కాపాడింది. చదువు మధ్యలో "ఈ ఫాంట్ మారిస్తే బాగుంటుంది" అనిపిస్తే వెంటనే మార్చను. పక్కన ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఆదివారం సాయంత్రం 30 నిమిషాలు వాటికే. విచిత్రం ఏమిటంటే, ఆదివారానికి వచ్చేసరికి అందులో సగానికి పైగా అవసరం లేదనిపిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా. మెయిన్స్ చేత్తో రాయాలి. జీఎస్ పేపర్‌లో మూడు గంటల్లో 20 ప్రశ్నలు. ఎంత బాగా సర్దుకున్న డెస్క్‌టాప్ అయినా మీ చేతి వేగం పెంచదు. రాత గదిలో నేను చేసేది ప్రశ్నను తెర మీద పెట్టుకోవడం ఒక్కటే. జవాబు కాగితం మీద.

4. సిలబస్‌తో ముడి

ఈ అనుభవం నాకు జీఎస్ 2, జీఎస్ 4లలో కొన్ని పాఠాలను కొత్తగా చూపించింది. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో రాసిన "నడ్జ్" పుస్తకం సంగతి మీకు తెలిసిందే. థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. మన 2018-19 ఆర్థిక సర్వే ఈ ప్రవర్తనా ఆర్థిక శాస్త్రానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించింది. అందులో ముఖ్యమైన ఊహ "డీఫాల్ట్". మనిషి ఏమీ ఎంచుకోకపోతే ఏది జరుగుతుందో అదే డీఫాల్ట్. చాలామంది దాన్ని మార్చరు. కాబట్టి డీఫాల్ట్‌ను నిర్ణయించేవారి చేతిలో నిశ్శబ్దమైన అధికారం ఉంటుంది.

ఉదాహరణకు ప్రధానమంత్రి ఫసల్ బీమా. 2016లో మొదలైనప్పుడు పంట రుణం తీసుకున్న రైతుకు అది తప్పనిసరి. 2020 ఖరీఫ్ నుంచి ఐచ్ఛికం చేశారు. అయితే రుణం తీసుకున్న రైతు తనకు వద్దనుకుంటే, గడువుకు ముందే బ్యాంకుకు రాసివ్వాలి. రాసివ్వకపోతే బీమా ఉన్నట్టే. "ఐచ్ఛికం" అన్న ఒక్క మాటలో ఇంత తేడా దాగి ఉంటుంది. ఇది రైతుకు మంచిదా, కాదా అన్నది వేరే చర్చ. కానీ రాసివ్వాలన్న సంగతి రైతుకు ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు అన్నది పాలనకు సంబంధించిన ప్రశ్న. మా చెల్లి అడిగిన ప్రశ్నే అది: ఎక్కడ రాసి ఉంది?

రెండోది డిజిటల్ అందుబాటు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత కూడా అందరికీ అందేలా ఉండాలంటుంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ఈ-కేవైసీలో కన్ను ఆర్పమనే నిబంధనను ఎలా పాటించగలరన్నది అక్కడి సమస్య. డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. ఆ ఈ-కేవైసీని తయారుచేసినవారు చెడ్డవాళ్లు కాకపోవచ్చు. తమ కళ్లు ఆర్పగలిగినట్టే అందరూ ఆర్పగలరని అనుకుని ఉంటారు. నా షార్ట్‌కట్ అందరికీ తెలుసని నేను అనుకున్నట్టే.

రేపు మనలో కొందరు ఆ కుర్చీల్లో కూర్చుంటాం. ఒక దరఖాస్తు ఫారం, ఒక పోర్టల్, ఒక గడువు మన సంతకంతో బయటికి వెళ్తాయి. మనకు తేలిగ్గా ఉన్నది అవతలివారికి గోడ కావచ్చు. జీఎస్ 4లో "సానుభూతి" అన్న పదానికి నిర్వచనం రాయమంటే నేను ఇంతకుముందు మూడు వాక్యాలు అప్పజెప్పేవాణ్ణి. ఇప్పుడు నల్లటి తెర ముందు కూర్చున్న చెల్లి గుర్తొస్తుంది.

ప్రస్తుతానికి

ఈసారి టెస్ట్ సిరీస్‌లో ఇప్పటివరకు వచ్చిన 18 టెస్టుల్లో 17 రాశాను. మార్కులు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉన్నాయి. డెస్క్‌టాప్ సర్దుకుంటే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. కూర్చున్న అయిదు నిమిషాల్లో చదువు మొదలవుతోంది, అంతవరకే అది చేయగలిగింది. ఆ 20,000 తిరిగి రాలేదు. పైకప్పుకు మొన్నటి వానాకాలం టార్పాలిన్ కప్పాం. సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు లెక్కలు చెబుతూ ఆ డబ్బు కూడబెడుతున్నాను.

లాప్‌టాప్ ఆన్ చేస్తే ఇప్పుడు మూడు పేర్లు కనిపిస్తాయి. నాది, చెల్లిది, అమ్మది. అమ్మ ఖాతాను చెల్లే పెట్టింది. ఫాంటు పెద్దది, తెర మీద ఒకే ఒక్క ఐకాన్, పేపరు చదవడానికి. అది పెట్టే ముందు చెల్లి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఏం కావాలి?" అని అడిగింది. నేను 400 లైన్లు రాశాను గానీ, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

సాధన ప్రశ్న: "పౌర సేవల డిజిటలీకరణలో డీఫాల్ట్ ఎంపికలు తటస్థమైనవి కావు." తగిన ఉదాహరణలతో చర్చించండి. (150 పదాలు, 10 మార్కులు)

జవాబు కాగితం మీదే రాయండి. రాసే ముందు ఫోన్‌లో ఇంట్లోవాళ్ల నంబర్లకు మినహాయింపు ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి.